ఊరి గ్రంథాలయానికి వెబ్‌సైటు: విద్యార్థి డిజైన్, వెబ్ ప్రాజెక్టును ఆరంభం నుంచి అప్పగింత దాకా నడిపే విధానం

ఇంజినీరింగ్, బీసీఏ, డిగ్రీ కంప్యూటర్స్ చదివే పిల్లలు నాకు చూపించే వెబ్ ప్రాజెక్టులు చాలావరకు ఒకే తీరున ఉంటాయి: ఒక కాలిక్యులేటరు, రోజువారీ పనుల జాబితా, ఏదో పేరున్న వెబ్‌సైటు మొదటి పేజీకి నకలు. చెయ్యి తిరగడానికి అవి అవసరమే. అయితే ఇంటర్వ్యూలో కూర్చున్నవారు "ఈ బటన్ ఇక్కడే ఎందుకు పెట్టావు?" అని అడిగినప్పుడు, "వీడియోలో అలాగే ఉంది" అనే మాట తప్ప ఆ ప్రాజెక్టుల నుంచి మరో సమాధానం దొరకదు. ఒక మనిషికి నిజంగా ఉన్న ఇబ్బందిని తీర్చడానికి కట్టిన సైటులో ప్రతి బటన్ వెనుక ఒక కారణం ఉంటుంది, ఆ కారణం కట్టినవాడికి తెలిసి ఉంటుంది. నకళ్లు పది చేయడం కన్నా అలాంటిది ఒక్కటి చేయడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఉదాహరణగా ఊళ్లోనో మండల కేంద్రంలోనో ఉండే గ్రంథాలయాన్ని తీసుకుంటున్నాను. అక్కడ సమాచారం రిజిస్టర్లలో సిద్ధంగా ఉంటుంది, పుస్తకాలు ఎక్కువగా తెలుగులో ఉంటాయి, వచ్చేవారిలో పొద్దున్నే పేపరు చదివే పెద్దవారి నుంచి గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే యువకుల దాకా అందరూ కనిపిస్తారు. రోజుకు రెండు గంటల చొప్పున ఆరు వారాలు కేటాయించగలిగితే ఈ పని ఒక్కరే పూర్తి చేయవచ్చు.

మొదటి అడుగు: వెళ్లి కూర్చోవడం

ల్యాప్‌టాప్ తెరవకముందు గ్రంథాలయంలో ఒక ఉదయం, ఒక సాయంత్రం ఊరికే కూర్చోండి. లైబ్రేరియన్ గారితో మాట్లాడి, మీరు ఏం చేయదలచుకున్నారో చెప్పి, అనుమతి తీసుకోండి. వచ్చినవారు ఏం అడుగుతున్నారో వారి మాటల్లోనే నోటుబుక్కులో రాసుకోండి. "ఫలానా పుస్తకం ఉందా అండీ?", "సాయంత్రం ఎన్నింటిదాకా తీసి ఉంటుంది?", "సభ్యత్వానికి ఏమేం తేవాలి?" అనే మూడు ప్రశ్నలే తిరిగి తిరిగి వినిపిస్తే, మీ సైటులో ఉండాల్సిన మూడు పేజీలు మీ చేతికి వచ్చినట్టే.

ఇంటికి వచ్చాక ఒకే ఒక్క కాగితం మీద మూడు విషయాలు రాయండి: ఈ సైటు ఎవరికోసం, వారు ఏ పని పూర్తి చేసుకోవాలి, మనం ఏం చేయబోవడం లేదు. మూడోది రాయడానికి విద్యార్థులు ఇష్టపడరు, కానీ ప్రాజెక్టును గట్టెక్కించేది అదే. "పుస్తకాలు ఎవరికి ఇచ్చామన్న లెక్క ఇందులో ఉండదు, లాగిన్ ఉండదు, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకోవడం ఉండదు" అని మొదటి రోజే రాసుకుంటే, నాలుగో వారంలో ఎవరో ఇచ్చిన సలహాకు తలొగ్గి లాగిన్ పేజీ మొదలుపెట్టే ప్రమాదం తప్పుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. ఇష్యూ రిజిస్టరులో సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ పుస్తకం చదివారన్న వివరాలు ఉంటాయి. వాటిని ఫొటో తీయవద్దు, టైపు చేయవద్దు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం లేకపోయినా, ఒకరు ఏం చదువుతున్నారో ఊరందరికీ తెలియజేసే హక్కు మనకు లేదు. మనకు కావలసింది పుస్తకాల వివరాలుండే యాక్సెషన్ రిజిస్టరు మాత్రమే.

రెండో అడుగు: డిజైన్ కన్నా ముందు సమాచారం

డమ్మీ పేరాలతో డిజైన్ గీసి, తర్వాత అసలు సమాచారం అందులో పోయడం చాలామంది చేసే పొరపాటు. ముందుగా ఒక 60 పుస్తకాల వివరాలు గూగుల్ షీట్‌లో టైపు చేయండి. యాక్సెషన్ నంబరు, శీర్షిక, రచయిత, కలం పేరు, విభాగం, ఏ బీరువా, ఏ అర అన్న నిలువు వరుసలు చాలు.

టైపు చేసేటప్పుడే మొదటి పాఠం ఎదురవుతుంది. రిజిస్టరులో 00417 అని ఉన్న సంఖ్యను మీరు కొట్టగానే షీటు దాన్ని 417గా మార్చేస్తుంది. అది సంఖ్యలా కనిపిస్తున్న పేరు, కూడికలకూ తీసివేతలకూ పనికొచ్చేది కాదు. కాబట్టి ఆ వరుస మొత్తాన్ని ముందే సాదా టెక్స్ట్‌గా మార్చుకోవాలి. పుస్తకం వెన్ను మీద 894.827 అని అతికించి ఉంటే అది డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి చెందిన సంఖ్య. దాన్ని కూడా టెక్స్ట్‌గానే ఉంచండి, ఎందుకంటే దాని పక్కన రచయిత పేరులోని అక్షరాలు కూడా వచ్చి చేరుతాయి.

గ్రంథాలయం వారి దగ్గర పాత జాబితా ఏదైనా డీటీపీ చేయించినది ఉంటే సంతోషపడే ముందు దాన్ని తెరిచి చూడండి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన ఫైలు అయితే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. ఆ ఫైలులో ఉన్నది నిజానికి తెలుగు కాదు, తెలుగు ఆకారాలు అతికించిన ఇంగ్లిష్ సంకేతాలు. దాన్ని యూనికోడ్‌లోకి (ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణంలోకి) మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చిన తర్వాత ప్రతి వరుసనూ కంటితో సరిచూడాలి. తెలుగుకు యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు సొంత స్థానాలు ఉన్నాయి. సైటులోకి వెళ్లే ప్రతి అక్షరమూ అక్కడి నుంచే రావాలి.

షీటును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలుగా) దింపుకుని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా చెదిరిపోయి కనిపించవచ్చు. కంగారు పడవద్దు, ఫైలు పాడవలేదు. యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అది ఉందని ఎక్సెల్ గుర్తించలేదు, అంతే. నోట్‌ప్యాడ్‌లోనో వీఎస్ కోడ్‌లోనో తెరిస్తే అక్షరాలు చక్కగా ఉంటాయి.

మూడో అడుగు: గీయడం

మొదటి గీతలు కాగితం మీదే గీయండి. సెల్‌ఫోన్ ఆకారంలో ఆరు పెట్టెలు గీసి, ఒక్కోదానిలో మొదటి పేజీని ఒక్కో రకంగా ఊహించండి. ఆరింటిలో ఐదు పనికిరావు, ఆ సంగతి కాగితం మీద తేలితే పది నిమిషాలే నష్టం. మిగిలిన ఒక్కదాన్ని ఫిగ్మా అనే డిజైన్ సాధనంలో 360 పిక్సెళ్ల వెడల్పు ఫ్రేమ్‌లో గీయండి. మీ సైటు చూసేవారిలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు కనుక పెద్ద తెర డిజైన్‌ను తర్వాత చేయడమే సరైన క్రమం.

తెలుగు అక్షరాల విషయంలో మాత్రం ఆగి, ఓపికగా పనిచేయాలి. ఇంగ్లిష్ కోసం తయారైన టెంప్లేట్లలో లైన్-హైట్ (అక్షరం కొలతకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) 1.4 గానీ 1.5 గానీ ఉంటుంది. తెలుగులో పైన గుడి, కింద వత్తు, ఆ వత్తు కింద ఒక్కోసారి మరో వత్తు వస్తాయి. "రాష్ట్రం", "స్త్రీ" వంటి మాటల కింద వచ్చే వరుసలో "శ్రీ" గానీ "హై" గానీ పడితే పై వత్తులు, కింది గుడులు ఒకదాన్నొకటి తాకుతాయి. లైన్-హైట్ 1.7 నుంచి 1.8 దాకా ఇస్తే వరుసలకు ఊపిరి ఆడుతుంది. అక్షరం కొలత కూడా అంతే, ఇంగ్లిష్‌కు 16 పిక్సెళ్లు సరిపోయిన చోట తెలుగుకు 18 పెట్టండి. చదివేవారిలో అరవై దాటిన వారూ ఉంటారని గుర్తుంచుకోండి.

ఫాంటు ఎంపికలో రెండు మించవద్దు. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న, తిరో తెలుగు, అనేక్ తెలుగు వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఇలాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నందున విద్యార్థి నిశ్చింతగా వాడుకోవచ్చు. పాఠ్యానికి పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి నాకు ఇష్టం. అయితే దానిలో ఒకే మందం ఉంది. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో మీరు బోల్డ్ అని రాస్తే, లేని మందాన్ని బ్రౌజరు తానే కల్పించి అక్షరాల అంచులను ఉబ్బిస్తుంది, వత్తుల లోపలి ఖాళీలు పూడిపోతాయి. కనుక శీర్షికలకు సహజంగానే మందంగా ఉండే రామభద్రను వాడండి, లేదా అన్ని మందాలూ ఉన్న నోటో సాన్స్ తెలుగుతోనే సైటు మొత్తం నడపండి. అక్షరాలను పక్కకు వంచే ఇటాలిక్ మన అచ్చు సంప్రదాయంలో లేదు. నొక్కి చెప్పాల్సిన చోట రంగునో మందాన్నో మార్చండి. పేరాలను రెండు అంచులకూ సమంగా సాగదీయవద్దు, తెలుగు మాటలు పొడవైనవి కాబట్టి ఇరుకైన తెర మీద మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి.

రంగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. వెబ్ అందుబాటు నియమాల ప్రకారం మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య కనీసం 4.5:1 నిష్పత్తిలో తేడా ఉండాలి. తెల్లని నేపథ్యం మీద #767676 అనే బూడిద రంగు ఈ పరీక్ష నెగ్గుతుంది, దానికన్నా వెంట్రుకవాసి లేతదైన #777777 తప్పుతుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుకనే అంచనాతో కాక పరికరంతో కొలవాలి.

నేను చదువుకునే రోజుల్లో చేసిన ఒక డిజైన్‌లో వెతికే చోట భూతద్దం బొమ్మ మాత్రమే పెట్టాను. దాన్ని ఒక పెద్దాయనకు చూపిస్తే ఆయన తెరంతా కలియజూసి, "ఇందులో పుస్తకం ఎక్కడ అడగాలి బాబూ?" అన్నారు. ఆ సాయంత్రమే బొమ్మ పక్కన "పుస్తకం వెతకండి" అని అక్షరాల్లో రాశాను. అప్పటి నుంచి మాట లేకుండా బొమ్మ ఒక్కటే పెట్టిన బటన్ నేను చేయలేదు.

నాలుగో అడుగు: నిర్మాణం

మొదట పేజీలో ఏమేం ఉన్నాయో చెప్పే హెచ్‌టీఎంఎల్ మాత్రమే రాయండి, రంగులు, అలంకారాలు ఏవీ వద్దు. పేజీ మొదటి ట్యాగులోని లాంగ్ అనే చోట తెలుగు సంకేతమైన "టీ-ఈ" అక్షరాలు తప్పక ఉండాలి. టెంప్లేట్ తెచ్చుకున్నవారు అక్కడ ఇంగ్లిష్ సంకేతాన్ని అలాగే వదిలేస్తారు, దాంతో చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడరు ఈ పేజీని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడుతుంది. హెడర్, నావ్, మెయిన్, ఫుటర్ వంటి అర్థమున్న ట్యాగులు వాడండి. నొక్కేదానికి బటన్ ట్యాగు ఉండగా డివ్‌ను నొక్కేలా చేయడం మానుకోండి, ఎందుకంటే కీబోర్డులో ట్యాబ్ నొక్కుతూ వచ్చేవారికి ఆ డివ్ అసలు తగలదు.

తర్వాత సీఎస్ఎస్. ఫోన్ వెడల్పుకు ముందు రాసి, మీడియా క్వెరీలతో (తెర వెడల్పును బట్టి వర్తించే నియమాలతో) పెద్ద తెరలకు విస్తరించండి. తెర వెడల్పును బట్టి ఒదిగే డిజైన్‌కు రెస్పాన్సివ్ అని 2010లో పేరు పెట్టినవాడు ఈథన్ మార్కాట్. బూట్‌స్ట్రాప్, టెయిల్‌విండ్ వంటి రెడీమేడ్ సీఎస్ఎస్ సాధనాలు నేర్చుకోవద్దని నేను అనను, కానీ ఈ ప్రాజెక్టులో అవి లేకుండా ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ మీ చేత్తో రాయండి. మూడు పేజీల సైటుకు రియాక్ట్ వంటి పెద్ద జావాస్క్రిప్ట్ సాధనం అవసరం లేదు. సాదా ఫైళ్లతో కట్టిన సైటు ఐదేళ్ల తర్వాత కూడా ఎవరూ ముట్టకుండానే తెరుచుకుంటుంది.

ఐదో అడుగు: వెతుకులాట

ఈ ప్రాజెక్టుకు గుండెకాయ ఇదే, మీ ఆరు వారాల్లో రెండు వారాలు దీనికే ఇవ్వండి. షీటును జేసన్ ఫైలుగా (జావాస్క్రిప్ట్ సులువుగా చదివే టెక్స్ట్ ఫైలుగా) మార్చి, పేజీ తెరుచుకున్నప్పుడు జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్‌తో తెప్పించి, రాసినదాన్ని బట్టి జల్లెడ పట్టాలి. ఫైలు మీద రెండుసార్లు నొక్కి పేజీని తెరిస్తే ఫెచ్ పనిచేయదు, బ్రౌజరు భద్రతా కారణాలతో అడ్డుకుంటుంది. వీఎస్ కోడ్‌లోని లైవ్ సర్వర్ వంటి చిన్న సర్వరు ద్వారా తెరవాలి.

ఇక అసలు చిక్కు తెలుగుతో వస్తుంది. మనం "స్త్రీ"ని ఒకే అక్షరంగా చూస్తాం. జావాస్క్రిప్ట్‌ను దాని పొడవు అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పొడవైన శీర్షికలను కోడ్‌తో 20 దగ్గర కత్తిరిస్తే ఆ కత్తెర అక్షరం మధ్యలో పడి "స్త్" అని మిగలవచ్చు. అందుకే కత్తిరించే పనిని సీఎస్ఎస్‌లోని లైన్-క్లాంప్‌కు వదిలేయండి.

వెతికే ముందు రెండు వైపులా మాటలను శుభ్రం చేయాలి. ఐత్వం కొన్నిచోట్ల ఒకే సంకేతంగా, కొన్నిచోట్ల ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగా నిల్వ అయి ఉండవచ్చు. చూడటానికి తేడా ఉండదు, పోల్చితే మాత్రం కలవవు. నార్మలైజ్ అనే ఫంక్షన్ రెండింటినీ ఒకే రూపానికి తెస్తుంది. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో ట్, వే అతుక్కోకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు దానితో టైపు చేస్తారు, మరొకరు లేకుండా చేస్తారు. పోల్చే ముందు దాన్ని తొలగించాలి.

తర్వాత మనుషుల రాత అలవాట్లు చూడాలి. "కథ"ను "కధ" అని రాసేవారు మనలో ఎందరో ఉన్నారు. వారు తప్పు రాశారని ఖాళీ పేజీ చూపించడం సేవ కాదు. ప్రతి పుస్తకానికీ కంటికి కనిపించని వెతుకుడు మాట ఒకటి తయారుచేసి, దానిలో ధను థగా, ణను నగా, ళను లగా మార్చి ఉంచండి. పాఠకుడు రాసిన మాటనూ అదే విధంగా మార్చి పోల్చండి. తెర మీద చూపేటప్పుడు మాత్రం సరైన వర్ణక్రమమే చూపాలి. రిజిస్టరులో శ్రీరంగం శ్రీనివాసరావు అని ఉన్నా పాఠకుడు అడిగేది శ్రీశ్రీ అనే, కలం పేరుకు వేరే వరుస పెట్టమన్నది అందుకే. ఫోన్‌లో తెలుగు టైపు చేయడం రానివారు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు కనుక, వీలైతే శీర్షికకు ఇంగ్లిష్ లిపిలో కూడా ఒక వరుస చేర్చండి. 60 పుస్తకాలకు అది ఒక సాయంత్రం పని.

అకారాది క్రమంలో పేర్చడానికి మామూలు సార్ట్ సరిపోదు. యూనికోడ్ పట్టికలో సున్నా అచ్చుల కన్నా ముందే ఉంటుంది కాబట్టి సున్నా ఉన్న మాటలు నిఘంటువు క్రమానికి భిన్నంగా పడతాయి. జావాస్క్రిప్ట్‌లో మాటలను పోల్చే లోకేల్‌కంపేర్‌కు తెలుగు సంకేతాన్ని ఇస్తే క్రమం సరవుతుంది. ఏమీ దొరకనప్పుడు చూపించే వాక్యం కూడా ఆలోచించి రాయండి: "ఈ పేరుతో పుస్తకం కనిపించలేదు. రచయిత పేరుతో వెతికి చూడండి, లేదా లైబ్రేరియన్ గారిని అడగండి."

ఆరో అడుగు: దాచడం, పరీక్షించడం, ప్రచురించడం

కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్‌ను మొదటి రోజు నుంచే వాడండి. కమిట్ (దాచిన ఒక్కో మార్పు) సందేశం "మార్పులు" అని కాక "వెతుకులాటలో థ, ధ తేడాను సరిచేశాను" అన్నట్టు రాస్తే, మూడు నెలల తర్వాత మీ ప్రాజెక్టు కథను ఆ సందేశాలే చెబుతాయి. చివరి రోజు రాత్రి ఒకే కమిట్‌తో మొత్తం ఎక్కించిన రిపోజిటరీని చూడగానే పరిశీలించేవారికి అనుమానం వస్తుంది.

పరీక్ష మీ ల్యాప్‌టాప్‌లో కాదు, ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఫోన్‌లో, మధ్యాహ్నం ఎండలో నిలబడి చేయండి. క్రోమ్‌లోని లైట్‌హౌస్ అనే పరీక్షా సాధనం నడిపి లోపాలు చూడండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలమానం. తెలుగు ఫాంట్ల ఫైళ్లు సంయుక్తాక్షరాల వల్ల పెద్దవిగా ఉంటాయి కాబట్టి ఫాంట్-డిస్‌ప్లేకు స్వాప్ ఇస్తే, ఫాంటు దిగేలోపు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటులోనే పాఠ్యం కనిపిస్తుంది. ఆ తర్వాత గ్రంథాలయానికి వచ్చే ఐదుగురికి ఫోన్ ఇచ్చి, "ఈ పుస్తకం ఏ బీరువాలో ఉందో కనుక్కోండి" అని మాత్రం చెప్పి మౌనంగా ఉండండి. వారి వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి. మీరు నోరు తెరిచి దారి చూపితే ఆ పరీక్ష వృథా.

గిట్ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ వారి పేజెస్ సేవలో ఇలాంటి సైటును ఉచితంగా నిలపవచ్చు. అక్కడ అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: విండోస్‌లో ఫైలు పేర్లలో ఇంగ్లిష్ పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడా పట్టింపు ఉండదు, ప్రచురించిన చోట ఉంటుంది. మీ కంప్యూటరులో చక్కగా కనిపించిన బొమ్మ అక్కడ మాయమైతే ముందు ఫైలు పేరులోని పెద్దబడి అక్షరాన్ని వెతకండి. ఫైలు పేర్లన్నీ చిన్నబడిలో, ఖాళీలు లేకుండా పెట్టుకోవడం మంచి అలవాటు.

ఏడో అడుగు: పోర్ట్‌ఫోలియోలో చెప్పుకోవడం

పోర్ట్‌ఫోలియోలో ఈ ప్రాజెక్టుకు ఒక ప్రత్యేక పేజీ ఇవ్వండి. వాడిన భాషల గుర్తులు వరుసగా పేర్చడం కన్నా, ఇబ్బంది ఏమిటి, మొదట ఏం ప్రయత్నించారు, అది ఎక్కడ విఫలమైంది, ఎలా మార్చారు అన్నది చెప్పడం ఎక్కువ విలువైనది. కాగితం మీద గీసిన మొదటి బొమ్మల ఫొటో, వరుసలు తాకుతున్న పాత తెర, సరిచేసిన కొత్త తెర పక్కపక్కన పెట్టండి. "కధ" అని వెతికితే ఏమీ రాని రోజును, ఫలితం వచ్చిన రోజును రెండు తెరబొమ్మల్లో చూపితే, ఇంటర్వ్యూ చేసేవారు మిమ్మల్ని అడగబోయే ప్రశ్న అదే అవుతుంది, దానికి సమాధానం మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది. స్నేహితులు సాయం చేసి ఉంటే ఏ భాగం ఎవరు చేశారో స్పష్టంగా రాయండి. ఏఐ సాధనంతో కొంత కోడ్ రాయించుకుని ఉంటే అదీ చెప్పండి, అయితే అందులోని ప్రతి వరుస ఏం చేస్తుందో వివరించగలిగితేనే దాన్ని ప్రాజెక్టులో ఉంచండి.

చివరి అడుగు: అప్పగింత

చాలా విద్యార్థి ప్రాజెక్టులు మార్కులు వచ్చిన రోజుతో ఆగిపోతాయి. మీది అలా ఆగకూడదంటే, కొత్త పుస్తకం చేర్చే పని మీరు లేకుండా జరగాలి. లైబ్రేరియన్ గారికి జేసన్ ఫైలు చూపించవద్దు. వారు షీటులో ఒక వరుస చేర్చితే సైటులో కనిపించే ఏర్పాటు చేయండి. గూగుల్ షీటును వెబ్‌లో సీఎస్‌వీగా ప్రచురించే సదుపాయం ఉంది, మీ పేజీ జేసన్‌కు బదులు ఆ లింకునే చదివేలా మార్చితే సరిపోతుంది. మార్పు కనిపించడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చని ముందే చెప్పండి. షీటు యాజమాన్యం మీ జీమెయిల్ పేరున కాక గ్రంథాలయం వాడే ఖాతా పేరున ఉండాలి, లేకపోతే మీరు ఉద్యోగానికి వెళ్లిపోయాక దాన్ని ఎవరూ ముట్టలేరు.

ఎలా చేయాలో ఒక పేజీ తెలుగులో రాసి, ప్రింటు తీసి, బల్ల అద్దం కింద పెట్టి రండి. ఆ తర్వాత ఒక పూట వారి పక్కన కూర్చుని, చేతులు కట్టుకుని చూడండి. వారు యాక్సెషన్ నంబరు, శీర్షిక, రచయిత, బీరువా వరుసగా కొట్టి, తమ ఫోన్‌లో సైటు తెరిచి, ఆ పుస్తకం పేరు రాసి, అది కనిపించిందని మీ వైపు తిరిగి చూసినప్పుడు ప్రాజెక్టు పూర్తయినట్టు.